మా తాత, ఆయన తెల్లకణాలు, మా చుట్టాలు

మా తాతకి బ్లడ్ క్యాన్సర్ అని చెప్పగానే అవతలివాళ్ళు ముందు చేసే పని గొంతు తగ్గించడం. ఫోన్‌లో అయినా సరే తగ్గిస్తారు. తర్వాత "ఎన్ని రోజులన్నారు?" అని అడుగుతారు, కాస్త మొహమాటం ఉన్నవాళ్ళయితే "ఏ స్టేజ్?" అంటారు. నేను "బానే ఉన్నాడండీ, ఇప్పుడే తోటకూర కోసం వెళ్ళాడు" అంటే నమ్మరు, ఏదో దాస్తున్నానని అనుకుంటారు. చెప్పిందే చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే మొత్తం ఒకసారి రాసి పెట్టేస్తున్నా, ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా.

తాతకి 76. ఆర్టీసీలో కండక్టర్‌గా చేరి, కంట్రోలర్‌గా రిటైరయ్యాడు. మాది నల్గొండ వైపు, ఇల్లు విద్యానగర్‌లో, కింద తాత నానమ్మ అమ్మ నాన్న, పైన నేను, నా వైఫ్, మా చిన్నోడు. తార్నాక ఆర్టీసీ హాస్పిటల్‌కి ఆయన వెళ్ళేది బీపీ గోళీల కోసమే, కానీ పాత డిపో వాళ్ళంతా అక్కడే కలుస్తారు కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్తాడు. అలా వెళ్ళినప్పుడు మామూలుగా చేసిన రక్త పరీక్షలో తెల్లకణాలు 68 వేలు వచ్చాయి. ఉండాల్సింది 4 వేల నుంచి 11 వేల మధ్యలో. మనిషి చూస్తే రాయిలా ఉన్నాడు, జ్వరం లేదు దగ్గు లేదు, రెండు పూటలా జొన్నరొట్టె తింటున్నాడు, ల్యాబ్ వాళ్ళే తప్పు కొట్టారనుకుని బయట ఇంకో చోట చేయించాం, అక్కడా అంతే.

అప్పుడు హెమటాలజిస్ట్ దగ్గరికి, అంటే రక్తం జబ్బుల డాక్టర్. ఫ్లో సైటోమెట్రీ అని ఆ కణాలు ఏ రకమో చూసే ఒక టెస్ట్, మామూలుగా చేతి నుంచి తీసిన రక్తమే, వెన్ను దగ్గర సూది గుచ్చుతారేమో అని ఇంట్లో అందరం భయపడ్డాం గానీ అది అక్కర్లేకుండానే తేలిపోయింది. క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, సీఎల్ఎల్ అంటారు, నిదానంగా ముదిరే బ్లడ్ క్యాన్సర్. తెల్లవాళ్ళ దేశాల్లో పెద్ద వయసు వాళ్ళకి వచ్చే లుకేమియాల్లో ఇదే ఎక్కువంట, మన దగ్గర తక్కువ. అంతా చెప్పి డాక్టర్ గారు ప్రిస్క్రిప్షన్ మీద మందేమీ రాయలేదు. "ఇప్పుడేం వద్దు, మూడు నెలల తర్వాత సీబీసీ, అదే రక్తకణాల లెక్క టెస్ట్, చేయించుకుని రండి" అన్నారు.

మా నాన్న రెండుసార్లు అడిగాడు, సార్ నిజంగా ఏమీ వద్దా అని. వద్దంట. ఈ జబ్బులో తొందరపడి ముందే మందు మొదలుపెడితే ఆయుష్షేమీ పెరగదని ట్రయల్స్ చేసి చూసిన విషయమే, లాభం లేకపోగా సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం ముందే మొదలవుతాయి. అందుకని వాచ్ అండ్ వెయిట్ అంటారు. హిమోగ్లోబిన్ పడిపోయినా, ప్లేట్‌లెట్స్ పడిపోయినా, బరువు తగ్గినా, రాత్రిళ్ళు చెమటలు పట్టినా, కణాల లెక్క ఆరు నెలల లోపే రెట్టింపైనా అప్పుడు మందు. అప్పటిదాకా చూస్తూ ఉండటమే.

ఇది డాక్టర్ గారి రూమ్‌లో కూర్చున్నప్పుడు బానే అర్థమవుతుంది. ఇంటికొచ్చి నానమ్మకి చెప్పాలి కదా. "ఏం డాక్టర్‌రా, జబ్బుందంటడు, మందు లేదంటడు, పైసలెందుకు తీస్కున్నడు మరి?" అంది. సమాధానం చెప్పలేక నాన్న చెప్పులు విప్పడంలో చాలాసేపు గడిపాడు.

తాతకి చెప్పాలా వద్దా అనేది ఇంకో పంచాయితీ. మా మేనత్త మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి ఆ మాట బాపు చెవిన పడితే మనిషి సగం అయిపోతాడు, రక్తం తక్కువుందని చెప్పండి చాలు అని ఒట్టు వేయించుకుంది. సరే అని అందరం ఆయన ముందు "ఆ బ్లడ్ ప్రాబ్లమ్" అని మాట్లాడుకోవడం మొదలుపెట్టాం, రిపోర్టులు బీరువాలో చీరల కింద పెట్టింది అమ్మ. ఒక రోజు పొద్దున పేపర్ చదువుతూ తల ఎత్తకుండానే అన్నాడు, "ఆ దవాఖాన్ల గోడ మీద ఆంకాలజీ అని, అంటే క్యాన్సర్‌ది, ఇంత పొడుగు బోర్డు పెట్టిన్రు. నాకు బోర్డు సదవరాదనుకున్నర్రా? ముప్పై ఏండ్లు బోర్డులు జూసే బతికిన." అంతే, మళ్ళీ పేపర్‌లోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం రిపోర్టులు చీరల కింది నుంచి టీవీ స్టాండ్ మీదకొచ్చాయి, ఇంట్లో గాలి కొంచెం ఆడింది.

తర్వాత నన్ను పిలిచి అసలు ఏమవుతుందో వివరంగా చెప్పమన్నాడు. నేను ఫోన్‌లో చదివి, లింఫోసైట్స్ అనే తెల్లకణాలు టైమ్‌కి చచ్చిపోవాల్సినవి చావకుండా పేరుకుపోతున్నాయి, ఎముక లోపల మూలుగలో అవే నిండిపోతే ఎర్రకణాలకి ప్లేట్‌లెట్స్‌కి చోటుండదు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంటే బస్సు నిండా టికెట్ లేనోళ్ళు ఎక్కి, వాళ్ళ స్టాపొచ్చినా దిగుతలేరన్నట్టు. టికెట్ కొన్నోడు కింద నిలబడ్డడు" అన్నాడు. దీనికన్నా బాగా నేనెక్కడా చదవలేదు. డాక్టర్ గారికి కూడా ఇదే చెప్పాడు తర్వాత విజిట్‌లో, ఆయన నవ్వి వేరే పేషెంట్లకి వాడుకుంటానన్నారు.

ఇక చుట్టాలు. ఆదివారం అయితే చాలు గేట్ దగ్గర చెప్పులు. అందరూ యాపిల్స్ దానిమ్మలు తెస్తారు, అందరూ తాత పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంటారు, ఆయన్ని తప్ప మిగతా అందర్నీ అడుగుతారు ఎలా ఉంది అని. తాతకి మొదట్లో సరదాగానే ఉండేది, ఎప్పుడూ రాని వాళ్ళు కూడా వచ్చారు కదా. ఒక పెద్దమనిషి (దూరపు చుట్టం, పేరెందుకు లెండి) వచ్చి కన్నీళ్ళు పెట్టుకుంటే తాతే లేచి మంచినీళ్ళిచ్చాడు. పోయాక "ఆయనకు నా కంటే నాలుగేండ్లు ఎక్కువ, షుగర్ మూడు వందలు, నన్ను జూసి ఏడుస్తుండు" అన్నాడు.

తెచ్చే సలహాలు పళ్ళ కన్నా ఎక్కువ. హైదరాబాద్‌లో వానాకాలం వస్తే డెంగ్యూ పుణ్యమా అని ప్లేట్‌లెట్స్ గురించి తెలియని ఇల్లు లేదు, కాబట్టి బొప్పాయి ఆకు రసం నంబర్ వన్. తర్వాత తిప్పతీగ, గోధుమ గడ్డి రసం, పార్కుల ముందు పొద్దున్నే అమ్ముతారే అది. తిప్పతీగ గురించి డాక్టర్ గారిని అడిగితే లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, వద్దంటే వద్దు అన్నారు. ఇది చెప్తే చుట్టాలకి కోపం, ప్రకృతి వైద్యం అంటే ఈ ఇంగ్లీష్ డాక్టర్లకి పడదు అంటారు. మా అమ్మ చివరికి ఒక మార్గం కనిపెట్టింది, ఎవరేం తెచ్చినా "అయ్యో థాంక్స్ వదినా, పొద్దున పరగడుపున ఇస్తాలే" అని తీసుకుని కరివేపాకు మొక్కకి పోస్తుంది. ఆ మొక్క ఇప్పుడు పిట్టగోడ దాటింది.

ఒక బాబాయ్ వరస ఆయన మాత్రం నిజంగా మంచి ఉద్దేశంతో ఒక టాబ్లెట్ పేరు కాగితం మీద రాసుకొచ్చాడు. వాళ్ళ ఆఫీస్‌లో ఒకాయనకి బ్లడ్ క్యాన్సరే, రోజుకో గోళీ వేసుకుని ఏళ్ళ తరబడి ఉద్యోగం చేస్తున్నాడంట, మీరు అదెందుకు వాడట్లేదు అని. అది ఇమాటినిబ్. అది వేరే జబ్బుకి, సీఎంఎల్ అంటారు, క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. పేర్లో ఒక్క అక్షరం తేడా, జబ్బు మొత్తం వేరు. అందులో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అని ఒకటుంటుంది, 1960లో కనుక్కున్నారు, దాని వల్ల తయారయ్యే ప్రోటీన్‌ని అడ్డుకోడానికే పుట్టిన మందు అది, 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. నోవార్టిస్ అనే కంపెనీ మందు నెలకి లక్ష పైన ఉన్న రోజుల్లో మన హైదరాబాద్ నాట్కో కంపెనీ వాళ్ళు జనరిక్ తెచ్చి పది వేల లోపుకి దించారు, ఆ పేటెంట్ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ ఓడిపోయింది. ఇదంతా బాబాయ్‌కి చెప్పాను, ఓపిగ్గా విన్నాడు, విని "అయితే మరి తాతకి కూడా ఒకసారి వేసి చూడొచ్చు కదా" అన్నాడు.

ఏ స్టేజ్ అనే ప్రశ్నకి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఈ జబ్బుకి రై స్టేజింగ్ అని ఉంటుంది, జోధ్‌పూర్‌లో పుట్టి అమెరికా వెళ్ళిన కాంతి రై అనే డాక్టర్ 1975లో పెట్టింది. సున్నా నుంచి నాలుగు దాకా. సున్నా అంటే ఒట్టి లింఫోసైట్స్ ఎక్కువ, ఒకటి అంటే మెడలోనో చంకలోనో గడ్డలు, రెండు అంటే ప్లీహమో (ఎడమ డొక్కలో ఉండే స్ప్లీన్) లివరో పెరగడం, మూడు అంటే హిమోగ్లోబిన్ 11 లోపు, నాలుగు అంటే ప్లేట్‌లెట్స్ లక్ష లోపు. అంతే లెక్క. మిగతా క్యాన్సర్లలో నాలుగో స్టేజ్ అంటే ఒళ్ళంతా పాకిందని మనం వింటాం, ఇది అలాంటిది కాదు, అసలు రక్తమే కదా మొదటి రోజు నుంచీ ఒళ్ళంతా ఉంటుంది. తాత మొదట్లో ఒకటి.

బయటికి కనపడని అసలు ఇబ్బంది ఇన్‌ఫెక్షన్లు. అన్ని వేల తెల్లకణాలున్నాయి కదా రోగాలు రావేమో అనుకుంటాం, కానీ అవి పనికొచ్చేవి కావు, ఉన్నంత మేర చోటు తింటాయి అంతే. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించాం, లైవ్ టీకాలు, అంటే బతికున్న క్రిమిని బలహీనం చేసి ఇచ్చేవి, మాత్రం వేయకూడదన్నారు. అయినా పోయిన చలికాలంలో సర్పి వచ్చింది. ముందు ఎడమ పక్క డొక్కలో మంట, గ్యాస్ అనుకున్నాం, మర్నాడు వరసగా నీటి పొక్కులు. మిర్యాలగూడ మేనత్త, మా అత్తమ్మ, వీడియో కాల్‌లో చూసి అక్కడి నుంచే కేకలు, అది పాములెక్క నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడు, మంత్రం వేసేటాయన దగ్గరికి తీసుకపొండ్రి అని. సర్పి దాదాపు ఎప్పుడూ ఒక పక్కకే వస్తుంది, కలవడమనేది ఉండదు, ఒకే నరం వెంబడి కదా వచ్చేది. కానీ ఆ టైమ్‌లో ఇంట్లో నరాల పాఠం ఎవరు వింటారు. పొక్కులొచ్చిన మూడు రోజుల లోపు మందు పడితే బాగా పనిచేస్తుందని అదే రోజు తీసుకెళ్ళాం, ఎసైక్లోవిర్ 800, రోజుకి ఐదుసార్లు, అలారాలు పెట్టుకుని. నానమ్మ తన వంతుగా పుట్టలో పాలు పోసి వచ్చింది. మందుకీ మొక్కుకీ గొడవ లేదు.

పొక్కులు ఎండిపోయినా మంట పోలేదు. చొక్కా గుడ్డ తగిలినా విలవిల్లాడేవాడు. ఆర్టీసీ మనిషి, అరవడం రాదు, పళ్ళు బిగించి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. నానమ్మ పెళ్ళినాటి నుంచి ఉన్న ఒక నూలు చీర, ఉతికి ఉతికి పలచబడి అవతలి వైపు చెయ్యి కనపడేంత మెత్తగా అయింది, దాన్ని అడ్డంగా చింపి ఆయన ఛాతీ చుట్టూ వదులుగా చుట్టి సేఫ్టీ పిన్ను కుడిపక్కకి పెట్టేది, దాని మీద బనియన్. హాస్పిటల్ వాళ్ళు ఇచ్చిన ఏ ఆయింట్‌మెంట్ కన్నా అదే పనిచేసిందంటాడు తాత. మేం కొత్త కాటన్ గుడ్డ కొనుక్కొస్తే పనికిరాదంది, కొత్త గుడ్డకి గంజి ఉంటదంట. ఆ చీర కొంగు ముక్క ఇంకా దండెం మీద ఆరుతూనే ఉంటుంది.

అదే సీజన్లో మా చిన్నోడి క్లాస్‌లో ఇద్దరికి అమ్మవారు పోసింది. ఇక నా వైఫ్ వాడిని కిందకి పంపలేదు. వాడు మెట్ల మీద కూర్చుని తాతతో పైనుంచి మాట్లాడేవాడు, తాత కింద కుర్చీ వేసుకుని "టికెట్, టికెట్" అని అరిస్తే వాడు పైనుంచి కాగితం ముక్కలు విసిరేవాడు. ఊడ్చుకోలేక అమ్మ తిట్టుకునేది.

మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద యుద్ధం మాత్రం చాయ్ మీద జరిగింది. తాత రోజూ సాయంత్రం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా వెళ్ళి పాత దోస్తులతో ఇరానీ చాయ్ తాగుతాడు, అది ఎన్నేళ్ళ అలవాటో. అమ్మ ఆపేసింది, జనాలు, దుమ్ము, ఎంగిలి కప్పులు అని. ఆయన ఎదురు మాట్లాడడు, మందుల షాప్‌కి అని చెప్పి వెళ్తాడు, వచ్చాక మీసం మీద మీగడ. చివరికి అమ్మే డాక్టర్ గారి ముందు పెట్టింది కేసు, ఆయన తన వైపే చెప్తారని గట్టి నమ్మకం. ఆయనేమో "బాగా మరిగిన చాయ్‌కి ఏం కాదమ్మా, కోసిపెట్టిన పళ్ళు, పానీపూరీ, చట్నీలు వద్దు, జలుబున్న వాళ్ళ పక్కన కూర్చోవద్దు, నడక మంచిదే" అన్నారు. అమ్మ దారి పొడుగునా ఆటోలో మాట్లాడలేదు. తాత మాత్రం ఇంటికొచ్చి నాతో, "డాక్టర్ మంచోడు, సదువుకున్నోడు" అన్నాడు.

మందు మొదలుపెట్టాల్సి వస్తుందని మాకన్నా ముందు నానమ్మకి తెలిసింది. చెకప్‌లో డాక్టర్ గారు రాత్రి చెమటలు పడుతున్నాయా అంటే తాత లేదన్నాడు. పక్కన కూర్చున్న నానమ్మ అందుకుంది, "ఎందుకు లేవు, ఫ్యాన్ తిరుగుతనే ఉంటది, తెల్లారి బనియన్ పిండితే నీళ్ళు కారుతున్నయి, రోజూ నేనే కదా ఆరేసేది. రొట్టె కూడా సగమే తింటుండు, ముందు రెండు తినేటోడు." డాక్టర్ గారు ఎడమ డొక్క నొక్కి చూశారు, ప్లీహం పెరిగి పొట్టని ఒత్తుతోందంట, అందుకే రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. హిమోగ్లోబిన్ తొమ్మిదికి వచ్చింది. అంటే స్టేజ్ మూడు. ఎఫ్ఐఎస్‌హెచ్ అని జీన్స్ టెస్ట్ ఒకటి చేసి, ఈసీజీ తీసి, ఇబ్రూటినిబ్ రాశారు, 420 మిల్లీగ్రాములు, అంటే 140వి మూడు క్యాప్సూల్స్ ఒకేసారి, రోజూ ఒకే టైమ్‌కి. కీమో అంటే జుట్టు ఊడిపోవడం, సెలైన్ బాటిళ్ళు అనుకున్న మాకు గోళీలే అనేసరికి ఏదో తక్కువ మందిచ్చారేమో అని డౌట్ కూడా వచ్చింది.

ఖర్చు సంగతి. ఆర్టీసీ వాళ్ళకి గవర్నమెంట్ పెన్షన్ ఉండదు, ఈపీఎస్ అనే పీఎఫ్ పెన్షన్ కింద వచ్చేది కూరగాయలకి సరిపోతుంది. జనరిక్ దొరుకుతోంది కాబట్టి నేను, నాన్న, మా సొంత బాబాయ్ కలిసి లాగుతున్నాం. దీని గురించి ఇంతకన్నా రాయాలనిపించట్లేదు.

ఈ మందుతో ఒంటి మీద నీలం మచ్చలొస్తాయి, మంచం కోడు తగిలినా కమిలిపోతుంది. ఆదివారం చుట్టాలు అవి చూసి మళ్ళీ గొంతు తగ్గించడం మొదలుపెట్టేసరికి నానమ్మ ఆయనకి ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేస్తోంది. గడ్డం ఇప్పుడు ట్రిమ్మర్‌తోనే, కత్తి బంద్. పన్ను పీకించుకోవాలంటే ముందూ తర్వాతా కొన్ని రోజులు మందు ఆపాలి, అది కూడా డాక్టర్ గారిని అడిగే. గుండె దడగా అనిపించినా, నాడి ఎగుడుదిగుడుగా కొట్టుకున్నా వెంటనే రమ్మన్నారు, అందుకని నాన్న రోజూ రాత్రి వార్తలప్పుడు ఆయన మణికట్టు పట్టుకుని కూర్చుంటాడు, తాత "ఉన్నది ఉన్నది, సౌండ్ పెంచు" అంటాడు. గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు, దానికి చుట్టమైన పంపర పనస కూడా వద్దన్నారు, మందు ఒంట్లో ఎక్కువైపోతుందంట. మా నల్గొండ బత్తాయికి మాత్రం పర్మిషన్ వచ్చింది, లేకపోతే ఆ రోజు ఆ రూమ్‌లోనే పంచాయితీ అయ్యేది.

ఇక అసలు కథ. మందు మొదలుపెట్టిన నెలకి సీబీసీ చేస్తే తెల్లకణాలు తగ్గాల్సింది పోయి లక్షా నలభై వేలు. రిపోర్ట్‌లో ఆ అంకె ఎర్రగా, పక్కన రెండు స్టార్లు. నాన్న అలవాటు కొద్దీ ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు. డాలస్‌లో ఉన్న సొంత బాబాయ్ అక్కడి అర్ధరాత్రి ఫోన్, టికెట్ బుక్ చేస్తున్నా అని. మిర్యాలగూడలో అత్తమ్మ ఏడుపు. కాగితం మీద టాబ్లెట్ పేరు రాసుకొచ్చిన బాబాయ్ "నేను చెప్పిన గోళీ వేసుంటే" అని వాయిస్ మెసేజ్. నిజానికి డాక్టర్ గారు మొదటి రోజే చెప్పారు, గడ్డల్లో ప్లీహంలో దాక్కున్న కణాలని ఈ మందు అక్కడి నుంచి రక్తంలోకి తోసేస్తుంది కాబట్టి మొదట్లో లెక్క పెరుగుతుంది, మెల్లగా దిగుతుంది, గాబరా పడొద్దు అని. మెడలో గడ్డలు అప్పటికే కరిగిపోయాయి, రాత్రిళ్ళు బనియన్ పొడిగానే ఉంటోంది, రొట్టెలు మళ్ళీ రెండు. ఇవేవీ రిపోర్ట్‌లో రావు కదా. నాన్న పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఇదే చెప్పాడు, బాబాయ్‌తో టికెట్ క్యాన్సిల్ చేయించేసరికి గొంతు పోయింది. ఈ గొడవంతా జరుగుతున్నప్పుడు తాత క్రాస్‌రోడ్స్‌లో ఉన్నాడు.

ఇప్పుడు హిమోగ్లోబిన్ పదకొండున్నర. కణాలు దిగుతున్నాయి. మందు ఎన్నాళ్ళు అంటే పనిచేసినన్నాళ్ళు, పడినన్నాళ్ళు అన్నారు, మధ్యలో మనంతట మనం ఆపకూడదు. వచ్చే నెల మిర్యాలగూడలో అత్తమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్ ఉంది, తాత వెళ్తానంటున్నాడు, అది కూడా బస్సులోనే, కార్ వద్దంట, ఆయన పాస్ ఆయనకుంది, నానమ్మకి ఆడవాళ్ళకిచ్చే మహాలక్ష్మి ఫ్రీ టికెట్ ఉంది, పెట్రోల్ ఎందుకు దండగ అని. అమ్మ మాస్క్ షరతు పెట్టింది, తాత కిటికీ సీట్ షరతు పెట్టాడు, ఇంకా బేరం తెగలేదు. సీబీసీ మాత్రం ఫంక్షన్ అయ్యాకే చేయిద్దాం, గ్రూప్‌లో ఫోటో పెట్టేది లేదు అని నాన్న తీర్మానించాడు, ఎవరైనా అడిగితే ల్యాబ్‌లో కరెంట్ పోయిందని చెప్పమన్నాడు.